రేడియేషన్ నడుస్తుండగా చైనా మూలికలు: మా ఇంట్లో ఎలా వాడామంటే

ముందు ఒక నోటుబుక్కు కొనండి. డాక్టర్లు, మందులు, కషాయం కాచే కుండ, అన్నీ ఆ తర్వాతే. రూళ్లున్న 200 పేజీల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. మావారికి ముక్కు వెనక, గొంతు పైభాగంలో గడ్డ ఉందని తేలిన సాయంత్రం నేను చేసిన మొదటి పని అదే. పాతికేళ్లుగా వ్యాపారస్తుల లెక్కలు రాస్తున్నదాన్ని. చేతిలో పద్దుల పుస్తకం లేకపోతే నాకు బుర్ర పనిచేయదు.

మాది తెనాలి. హాంకాంగ్ వచ్చి 18 ఏళ్లయింది. ఈ జబ్బుని నాసోఫారింజియల్ క్యాన్సర్ అంటారు, ఆ పేరు మనవైపు పెద్దగా వినపడదు. ఇక్కడ, పక్కనే ఉన్న చైనా రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్‌లో మాత్రం ఎంత మామూలంటే దాన్ని గ్వాంగ్‌డాంగ్ క్యాన్సర్ అనే అంటారు. ఎప్‌స్టీన్-బార్ వైరస్, వంశంలో వచ్చే తత్వం, చిన్నప్పటి నుంచీ తినే చైనా పద్ధతి ఉప్పుచేప, ఇవి కారణాలని చెబుతారు. మావారు పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు. "మరి నాకెందుకొచ్చిందండీ?" అని అడిగారు. దానికి డాక్టరు దగ్గర జవాబు లేదు.

గడ్డ ఉన్న చోటు అలాంటిది కాబట్టి కత్తితో మొదలుపెట్టరు, రేడియేషనే అసలు వైద్యం. మాకు రాసింది 33 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు, మొత్తం దాదాపు 70 గ్రే (రేడియేషన్ మోతాదుని కొలిచే లెక్క). దాంతోపాటు ప్రతి బుధవారం సిస్‌ప్లాటిన్ అనే కీమో. ఫోన్లో చెబితే అత్తయ్యగారు "గొంతుకి కరెంటు పెడతారా?" అని ఏడ్చేశారు. ఎదురింటి చైనా మామ్మగారు (ఇక్కడ పోపో అని పిలుస్తాం) ఏడవలేదు. సూపు గిన్నె పట్టుకుని తలుపు కొట్టింది. ఆవిడ భర్తకీ ఇరవై ఏళ్ల కింద ఇదే జబ్బట. "ఆసుపత్రి మానొద్దు. చుంగ్ యీ దగ్గరికి కూడా వెళ్లండి" అంది. చుంగ్ యీ అంటే చైనా వైద్యం, ఆ వైద్యం చేసే మనిషి కూడా.

ఇక్కణ్ణుంచి నెమ్మదిగా చదవండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

గడ్డని చంపేది రేడియేషన్. మూలికలు ఎందుకంటే, ఆ ఏడు వారాలూ మనిషి మంచాన పడకుండా ఉండటానికి. నోటిపూత, నోరెండటం, ఆకలి చచ్చిపోవటం, నీరసం, వీటికి. అదైనా చేస్తాయా అంటే, చైనాలో పరీక్షలు చాలానే జరిగాయి. కొన్నిట్లో నోటిపూత తగ్గినట్టు కనపడింది కూడా. కానీ వాటిలో చాలా భాగం కొద్దిమంది మీద చేసినవి, సరిగా కట్టుదిట్టం లేనివి. కాబట్టి "కొంచెం ఉపయోగపడొచ్చు" అన్నంత వరకే నమ్మండి. గడ్డ కరిగిస్తామని ఎవరన్నా చెబితే చెప్పులేసుకుని బయటికి రండి. అమెరికాలో 2018లో ఒక పరిశీలన అచ్చయింది. నయం కాగల దశలో ఉన్న క్యాన్సర్ రోగుల్లో, మామూలు వైద్యంతోపాటు వేరే వైద్యాలు కూడా వాడినవాళ్లలో చావులు రెట్టింపు కనపడ్డాయి. మూలికలు చంపాయని కాదు. వాళ్లలో ఎక్కువమంది కీమోనో, ఆపరేషనో, రేడియేషనో ఏదో ఒకటి వద్దని ఎగ్గొట్టారు. అందుకే నా పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో ఒకటే రాశాను: 33కి 33. ఈ చోట రేడియేషన్‌కి మధ్యలో రోజులు పోతే మిగిలిన కణాలు మళ్లీ పెరగటానికి సందు దొరుకుతుంది. కషాయం పోయినా ఫరవాలేదు, సిట్టింగు పోకూడదు.

చైనా వైద్యం మన బుర్రకి చప్పున ఎక్కుతుంది, అదొక ప్రమాదం. మనం "వేడి చేసింది" అన్నదాన్నే వీళ్లు ఇక్కడి భాష కాంటనీస్‌లో "యిత్ హేయ్" అంటారు. నోరు పూసినా, గొంతు మండినా, కళ్లు ఎర్రబడినా అదే మాట. వాళ్ల లెక్కలో రేడియేషన్ అంటే ఒంట్లోకి దూరిన విషపు వేడి. అది ఒంట్లో తడిని పీల్చేస్తుంది కాబట్టి చలవ చేసేవి, తడి నిలిపేవి ఇవ్వాలి. మాక్ తుంగ్ అనే చిన్న తెల్లటి దుంపలు, ఎండబెట్టిన హనీసకిల్ పూమొగ్గలు, రెహ్మానియా వేరు అలాంటివి. వింటున్నప్పుడు నాకు మా నాయనమ్మ మాట్లాడుతున్నట్టే ఉంది. సబ్జా గింజలు, మజ్జిగ, బార్లీ నీళ్ల పక్కన ఇవీ చేరిపోయాయి మనసులో. అర్థమైంది కదా అని మందు మంచిదనుకుంటాం. రెండూ వేరు.

వైద్యుణ్ని పట్టుకోవటం హాంకాంగ్‌లో తేలిక. 1999లో చైనా వైద్యానికి చట్టం తెచ్చారు, దాని కింద ఒక కౌన్సిల్ ఉంది, రిజిస్టరైన వైద్యుల జాబితా ఎవరైనా చూడొచ్చు. 18 జిల్లాల్లోనూ హాస్పిటల్ అథారిటీ (ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రులని నడిపే సంస్థ) లెక్కలో ఉండే చైనా వైద్య క్లినిక్కులున్నాయి. 2014 నుంచి కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు వైద్యాలనీ కలిపి చూసే ఏర్పాటు కూడా మొదలుపెట్టారు. మీరు వేరే దేశంలో ఉంటే, ముందు అక్కడ ఇలాంటి రిజిస్టరు ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే ఈ పని మొదలుపెట్టకండి. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఆన్‌లైన్లో చైనా క్యాన్సర్ పొడి తెప్పించుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే, వద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే రెండు సంగతులున్నాయి. బెల్జియంలో 1990ల మొదట్లో సన్నబడటానికి చైనా మూలికల మాత్రలు మింగిన ఆడవాళ్లకి కిడ్నీలు పోయాయి. ఒక వేరు బదులు పేరు కలిసే ఇంకో వేరు పడింది, దాంట్లో అరిస్టోలోకిక్ యాసిడ్ అనే విషం ఉంది. తర్వాత వాళ్లలో కొందరికి మూత్రనాళాల క్యాన్సర్ కూడా వచ్చింది. రెండోది అమెరికాలో. పీసీ-స్పెస్ అని ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఎనిమిది మూలికల మందు అమ్మేవారు. 2002లో వెనక్కి తీసుకున్నారు. పరీక్ష చేస్తే లోపల రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటి అల్లోపతి మందులే దొరికాయి. కాబట్టి వైద్యుడి దగ్గర మొదటి అడుగు: ప్రతి మూలిక పేరు, ఎన్ని గ్రాములో, చైనా లిపిలో కాగితం మీద రాసివ్వమనండి. మంచివాళ్లు అడగకుండానే ఇస్తారు. "ఇది మా వంశపు రహస్యం" అన్న చోట కూర్చోకండి.

మేం వెళ్లిన డాక్టరమ్మ ముందు మావారి మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. రెండు చేతులూ చూసింది. తర్వాత నాలుక. పొద్దున బ్రష్‌తో నాలుక గీక్కుని రావద్దని కబురు పంపారు. మనవాళ్లకి నాలుకబద్ద పడనిదే తెల్లారదు కదా, మావారు గీక్కునే వచ్చారు. ఆవిడ ఒక చూపు చూసి ఏదో గొణిగింది. వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఇంకోటి, శాకాహారులైతే మొదటి మాటే అది చెప్పండి. వీళ్ల మందుల్లో వానపాము, జెర్రి, గాడిద తోలు జిగురు, కీచురాయి వదిలేసిన పొట్టు, అన్నీ ఉంటాయి. చెబితే అవి లేకుండా రాస్తారు.

ఆ కాగితాన్ని నోటుబుక్కులో అంటించి, ఒక్క పొడి కూడా ఇంటికి తెచ్చుకోకుండా, రేడియేషన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మొదటి మాట "వద్దు". అది అనుకున్నదే. ఇక్కడ వాదించకండి. నేను అడిగింది ఇది: "వీటిల్లో ఏది, ఎందుకు వద్దో చెప్పండి. మీరొద్దన్నది తీసేయిస్తాం." ఆయన ఆసుపత్రి ఫార్మసిస్టుని పిలిచారు. ఆ అమ్మాయి పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ వచ్చి నాలుగో పేరు దగ్గర ఆగింది. కామ్ చో. మన అతిమధురం.

అతిమధురం చైనా మందుల్లో దాదాపు ప్రతి చీటీలోనూ ఉంటుంది, మన సాంబారులో ఇంగువలాగా. రుచికీ, మిగతావాటిని కలపటానికీ వేస్తారు. కానీ రోజూ వారాల తరబడి పడితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. సిస్‌ప్లాటిన్ కూడా పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ లాగేస్తుంది, పైగా మావారికి బీపీ మాత్ర ఉంది. మూడూ ఒకచోట చేరితే గుండె లయ తప్పొచ్చు. అతిమధురం తీసేయమన్నారు. చైనా డాక్టరమ్మ ఏమీ అనుకోలేదు, కొట్టేసి ఇంకోటి రాసింది.

ఇలా ఇద్దరి చేతా ఒకే కాగితం చూపించటమే ఈ వ్యవహారమంతటికీ ప్రాణం. అప్పుడు మాకు చెప్పినవి ఇంకొన్ని ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకి తాన్ షెన్, తాంగ్ క్వై అనే వేర్లు పనికిరావు, రక్తస్రావం అవుతుంది. బావంచాలు చైనా వైద్యంలోనూ ఉన్నాయి, లివర్‌ని దెబ్బతీస్తాయి. హో షౌ వూ అనే వేరు కూడా అంతే. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు బలానికి మంచివని మింగేయకూడదు. రేడియేషన్ కణాల్ని చంపేదే చాలావరకు ఆక్సిజన్ తాలూకు ఘాటైన అణువుల్ని పుట్టించి. వాటిని ఆర్పేస్తే గడ్డనీ కాపాడినట్టు కావచ్చు. కెనడాలో తల, మెడ క్యాన్సర్ రోగులు 540 మంది మీద విటమిన్ ఇ (అదీ యాంటీ ఆక్సిడెంటే) మాత్రలతో పరీక్ష చేశారు, ఫలితం 2005లో వచ్చింది. రేడియేషన్ బాధలు కాస్త తగ్గాయి గానీ గడ్డ తిరిగొచ్చే సూచనలు పెరిగాయి. సుఖంగా ఉందంటే మంచి జరుగుతోందనుకోవటానికి లేదని నాకు అప్పుడే తెలిసింది.

చివరికి ఆసుపత్రి డాక్టరు పెట్టిన షరతులు మూడు. కీమో రోజు, ఆ మర్నాడు, ఆ ఎల్లుండి మూలికలు బంద్. వారం వారం రక్తపరీక్షలో లివరు, కిడ్నీ, పొటాషియం చూస్తారు, అంకె తేడా వస్తే మొత్తం ఆపేయాలి. జ్వరం 38 డిగ్రీలు దాటితే ఏ కషాయమూ లేదు, తిన్నగా ఎమర్జెన్సీకి. మీ డాక్టరు వేరేగా చెప్పొచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు కూడా. ఒప్పుకోకపోతే మానేయండి. మేమైతే మానేసేవాళ్లం.

ఇక కాచటం. మూలికల కొట్టులో చిన్న చేతి త్రాసుతో ఒక్కోటీ తూచి, ఒక్కో రోజుకి ఒక్కో కాగితప్పొట్లం కడతారు. ఇంట్లో దానికని విడిగా మట్టికుండో, గాజు గిన్నో, ఎనామిల్ గిన్నో ఉండాలి. ఇనుము, అల్యూమినియం వద్దు. మా కుక్కరు చూసి పోపో రెండు చేతులూ అడ్డం ఊపేసింది. పొట్లం విప్పి కుండలో పోసి, మూలికల మీద రెండు వేళ్ల ఎత్తు చన్నీళ్లు పోసి అరగంట నాననివ్వాలి. వేణ్నీళ్లు పోయకూడదు. పెద్ద మంట మీద తెర్లు రాగానే సన్నసెగ చేసి 20 నుంచి 30 నిమిషాలు. వడకట్టి, అదే పిప్పికి మళ్లీ నీళ్లు పోసి ఇంకోసారి కాచి, రెండు నీళ్లూ కలిపి రెండు పూటలకి పంచుకోవాలి. గుల్లలు, రాళ్లు లాంటివి ముందే వేసి కాచమంటారు, పుదీనా జాతివి చివర ఐదు నిమిషాలు. అది చీటీ మీదే రాసుంటుంది. అడగండి. ఇల్లంతా తడిసిన వేపచెక్క వాసనలాంటిది నిండిపోతుంది. కీమో వాంతులున్న మనిషికి ఆ వాసనే సగం శత్రువు. నేను వంటింటి తలుపు మూసి, మావారు ఆసుపత్రికి వెళ్లినప్పుడు కాచేదాన్ని.

మూడో వారానికి మావారు ఆ గ్లాసుడు నల్లనీళ్లు మింగలేకపోయారు. గొంతు లోపల పచ్చిపుండు. అప్పుడు రవ్వలాంటి పొడి మందుకి మార్చారు. కాచిన కషాయాన్నే ఎండబెట్టి చేస్తారు, చిన్న సంచుల్లో వస్తుంది, అరగ్లాసు గోరువెచ్చటి నీళ్లలో కలిపితే అయిపోతుంది. నన్నడిగితే మొదటి నుంచీ అదే వాడండి. తూకం కచ్చితంగా ఉంటుంది, కుండ కడిగే పని లేదు. ఏ రూపంలో ఇచ్చినా వేడిగా ఇవ్వకండి. ఇంగ్లీషు మందులకీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచమంటారు, ఉంచాం. అయితే ఆ ఎడం కడుపులో కలవకుండా ఉండటానికే. రక్తంలోకి పోయాక రెండూ కలుస్తాయి, ఆ లెక్క కాగితం మీదే తేలాలి.

నా పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంటుంది: "14వ సిట్టింగు. బరువు 70.2. బీపీ 128/80. ఉదయం 7 బీపీ మాత్ర, 9 పొడి మందు సగం సంచి, తర్వాత వాంతి లేదు. 11:20 మిషను. నోరు: కింద పెదవి లోపల కొత్త పుండు. రాగిజావ రెండు గ్లాసులు, పెరుగన్నం మిక్సీ పట్టి ఒక కప్పు. రాత్రి పొడి మందు వద్దన్నారు, ఇవ్వలేదు." వద్దన్నవి కూడా రాయాలి.

బరువు కాలమ్ మీద కన్నేసి ఉంచండి. తల కదలకుండా ముఖానికి వేసే ప్లాస్టిక్ మాస్కు మొదటి రోజు కొలతతో చేసిందే చివరిదాకా. మనిషి చిక్కితే మాస్కు వదులవుతుంది, కిరణం పడే చోటు తప్పుతుంది, మళ్లీ స్కాను తీసి కొత్త ప్లాను వేయాలి. మావారు 74 నుంచి 66కి వచ్చారు. 67 దగ్గరే మాస్కు మార్చాల్సొచ్చింది. కాబట్టి కషాయం తాగి కడుపు నిండి అన్నం తినలేకపోతే ఆ పూట కషాయాన్నే మానేయండి. పోపో సూపుల్లో ఒకదానికి కూడా నేను అడ్డం చెప్పాను. బేరిపండు, అత్తిపండ్లు వేసిన తియ్యటి సూపు, బాగుంది, కానీ దాంట్లో ఆప్రికాట్ గింజలు రెండు రకాలు వేస్తారు. చేదు రకంలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. ఆరోగ్యవంతుడికి నాలుగు గింజలు ఏం చేయవేమో, మా పరిస్థితి అది కాదు. ఏరి పక్కన పెట్టి తాగించాను.

ఇప్పుడు మా తప్పు సంగతి. ఐదో వారం రక్తపరీక్షలో లివర్ ఎంజైము అంకె మామూలుకి నాలుగు రెట్లు వచ్చింది. ఆ బుధవారం కీమో ఆపేశారు. అందరి చూపూ చైనా పొడి మీదికే పోయింది, నాది కూడా. డాక్టరమ్మ చీటీ మళ్లీ మళ్లీ చూసి, "ఇది కాకుండా ఇంకేమన్నా ఇస్తున్నారా?" అంది. లేదన్నాను. ఇంటికొచ్చి ఫ్రిజ్ తీస్తే తలుపు అరలో హార్లిక్స్ సీసా. దాంట్లో ఆకుపచ్చ పొడి. అత్తయ్యగారు తెనాలి నుంచి ఎవరి చేతో పంపిన తిప్పతీగ. మూడు వారాలుగా మావారు రోజూ పొద్దున్నే చెంచాడు తేనెలో కలుపుకుని నాకుతున్నారు. అది మందని ఆయనకి అనిపించలేదు. నాకూ అనిపించలేదు, రోజూ ఆ సీసా పక్కకి జరిపే పాలు తీసుకునేదాన్ని. "మనదే కదా, ఇంట్లో పెరట్లో పాకే తీగ."

తిప్పతీగ కొందరికి లివర్ వాపు తెస్తుందని ముంబయి డాక్టర్లు 2021లో ఆరుగురు రోగుల సంగతి అచ్చేశారు. ఆయుష్ శాఖ కాదంది. మావారి విషయంలో అదే కారణమని ఎవరూ ముద్ర వేసి చెప్పలేదు. కీమో ఉంది, చైనా పొడి ఉంది, ఇదీ ఉంది. ఆ రోజునుంచి రెండూ ఆపేశాం, రెండు వారాల్లో అంకె దిగింది. చైనా మందు మళ్లీ మొదలుపెట్టలేదు. సిట్టింగులు మాత్రం ఒక్కటీ పోలేదు. అత్తయ్యగారికి ఎలా చెప్పాలో తెలియక వారం రోజులు ఫోను మావారి చేతికే ఇచ్చాను. గొంతు పెగలని మనిషి ఏం చెబుతారు, "ఊఁ" కొట్టారు.

అందుకని పుస్తకంలో ఒక పేజీకి "మందు కానివి" అని పేరు పెట్టండి. పసుపుపాలు, మిరియాల కషాయం, ప్రోటీన్ పొడి, పక్కింటివాళ్ల సూపు, గుళ్లో ఇచ్చిన తీర్థం పొడి, ఊరి నుంచి వచ్చిన సీసా. నోట్లోకి వెళ్లే ప్రతిదీ. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తూ రాయండి, గుర్తున్నవి రాస్తే సరిపోదు.

నోటిపూతకి మాకు నిజంగా ఊరటనిచ్చింది ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్ల పుక్కిలింత, ఆసుపత్రివాళ్లిచ్చిన బెంజిడమైన్ ద్రవం. వెయిటింగ్ హాల్లో కూర్చునే ఒకాయన తన బ్యాగులోంచి వేరే సీసా తీసి చూపించాడు, కాంగ్ ఫూ షిన్ అట. చైనాలో రేడియేషన్ నోటిపూతకి బాగా వాడతారు, దాని మీద రోగులతో పరీక్షలు కూడా జరిగాయి. దేంతో చేస్తారండీ అని అడిగాను. ఫోనులో బొమ్మ చూపించాడు. బొద్దింక. మన వంటింట్లో తిరిగే ఎర్రటి పెద్ద రకమే. మావారు పుక్కిలింత సీసా గట్టిగా పట్టుకుని అటు తిరిగి కూర్చున్నారు.

మెడ మీద చర్మం కందినప్పుడు చైనా పట్టీలు, తైలాలు అంటించకండి. సిట్టింగుకి ముందు అసలే వద్దు. ఏం రాసుకోవాలో మిషను దగ్గరుండే టెక్నీషియన్లని అడగండి, ఆ చర్మాన్ని రోజూ చూసేది వాళ్లే.

33వది అయ్యాక రెండు వారాలు ఇంకా కష్టంగానే ఉంటుంది, అది ముందే తెలిస్తే భయపడరు. నోరెండటం నెలల తరబడి ఉంటుంది. దానికి మళ్లీ మూలికల జోలికి పోకుండా సూదుల వైద్యం (ఆక్యుపంక్చర్) చేయించాం, అదీ ప్లేట్‌లెట్లు మామూలుకొచ్చాక, డాక్టర్నడిగే. షాంఘైలోనూ అమెరికాలోనూ ఒకేసారి జరిగి 2019లో అచ్చయిన పరీక్షలో రేడియేషన్ రోజుల్లో వేసిన సూదులు ఏడాది తర్వాత నోటి పొడితనాన్ని కొంత తగ్గించాయి. విచిత్రమేమంటే అమెరికాలో ఉత్తుత్తి సూదులు కూడా పనిచేశాయి, షాంఘైలో పనిచేయలేదు. మావారికి ఎనిమిది సార్లు వేయించాక ఇడ్లీ నీళ్లు లేకుండా దిగుతోంది. సూదుల వల్లో, నెలలు గడవటం వల్లో పుస్తకం చెప్పదు.

నోటుబుక్కుని అటక మీద పారేయకండి. ఆర్నెల్లకో ఏడాదికో థైరాయిడ్ పరీక్ష ఉంటుంది, మెడకి రేడియేషన్ తగిలినవాళ్లకి అది మందగిస్తుంది. లాలాజలం తగ్గింది కాబట్టి పళ్లు త్వరగా పుచ్చుతాయి, రోజూ ఫ్లోరైడ్ పెట్టుకోవాలి. పన్ను నెప్పి పుట్టి ఏ ఊళ్లో ఏ డెంటిస్టు కుర్చీలో కూర్చున్నా, పట్టకారు తీయకముందే ఆ పుస్తకం తీసి దవడకి ఎన్ని గ్రేలు పడ్డాయో చూపించండి. రేడియేషన్ తిన్న ఎముక పన్ను పీకిన చోట మానకపోవచ్చు, కుళ్లిపోవచ్చు. మావారికి పోయిన నెల కింది దవడలో ఒకటి కదులుతుంటే తెనాలిలో డాక్టరు గారు ఆ పేజీ చూసి, పీకకుండా రూట్ కెనాల్‌కి సరిపెట్టారు.